ఉత్తి రొట్టెముక్క

ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడని వీధిలో అందరూ సెగక్క అంటారు. ఇస్త్రీపెట్టె సెగ కొంత, నోటి సెగ ఇంకొంత. చర్చిలో పీఠం మీద పరిచే బట్టలు కూడా ఆవిడే ఉతుకుతుంది. పూజలో వాడిన చిన్న గుడ్డల్ని మొదటిసారి జాడించిన నీళ్ళు మాత్రం చచ్చినా కాలవలో పొయ్యదు. ప్రభువు శరీరంగా పూజలో పంచే రొట్టె, అంటే సత్ప్రసాదం, నలుసేదైనా ఉంటే మురుగుపాలు కాకూడదని మొక్క మొదట్లో పోస్తుంది.

ఆ నీళ్ళని చూసి తమ్ముడు నవ్వుతాడు. వాడిది పంక్చర్ల షాపు. ఈమధ్యే ఈ చర్చి వదిలి వేరే క్రైస్తవ సంఘంలో కలిశాడు. కలిస్తే కలిశాడు, ఎవడిష్టం వాడిది. కానీ మంచానపడ్డ అమ్మ వాడింట్లో ఉంది, ఇవాళో రేపో అన్నట్టుంది. సత్ప్రసాదం కావాలని ఆవిడ అడుగుతుంటే, "ఆ రొట్టెముక్క నా ఇంట్లోకి రాదు" అని భీష్మించుకు కూర్చున్నాడు. ఒళ్ళు మండదూ మరి!

సెగక్క ఇస్త్రీ చేస్తున్న చొక్కా సగంలో వదిలేసి, ఫాదర్‌గారిని వెంటబెట్టుకుని వెళ్ళింది. తమ్ముడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వారం వారం ప్రభువుని మళ్ళీ మళ్ళీ చంపి బలిచ్చేవాళ్ళు నా గడప తొక్కొద్దక్కా."

"నీ మొహం! మళ్ళీ చంపడమేంట్రా? ఆయన చనిపోయింది ఒక్కసారే, లేచిందీ ఒక్కసారే. ఆ ఒక్క బలి దగ్గరికే పూజ మమ్మల్ని తీసుకెళ్తుంది. కొత్తగా చంపేదీ లేదు, పొడిచేదీ లేదు!"

"మరి రొట్టెకి దండాలెందుకు?"

"రొట్టెకి దండం పెట్టడానికి నాకేమన్నా పిచ్చా? రొట్టే అనుకుంటే తిని చేతులు దులుపుకునేదాన్ని. ఆయనే అని నమ్ముతున్నాం కాబట్టి మోకరిస్తున్నాం. నువ్వు నమ్మకపోతే మానెయ్. మేం అననివి మాకు అంటగట్టకు!"

"నెమ్మదమ్మా" అన్నారు ఫాదర్‌గారు.

"మీరుండండి ఫాదర్!" అని ఆయన మీద కూడా ఒంటికాలి మీద లేచింది. చిన్నప్పుడు పూజలో పళ్ళెం పట్టింది ఈ వెధవే కదా! సత్ప్రసాదం తీసుకునేవాళ్ళ గడ్డాల కింద, నలుసు నేల పడకుండా, ఊపిరి బిగబట్టి మరీ పట్టేవాడు. అది గుర్తొచ్చేసరికి ఆవిడ కోపం రెండింతలైంది.

లోపల్నించి అమ్మ గొంతు పీలగా వినబడింది. "ఒరేయ్, నాకింక టైం లేదురా. రానీ."

ఆ మాటకి వాడు పక్కకి జరిగాడు. మొహం మాడ్చుకునే వెళ్ళి ఒక చేత్తో అమ్మ తల ఎత్తి పట్టుకున్నాడు. ఫాదర్‌గారు చిన్న తునక విరిచి ఆవిడ నోటికి అందించారు. పెదాలు వణికాయి, తునక జారబోయింది. అంతే, తమ్ముడి రెండో చెయ్యి అమ్మ గడ్డం కిందకి వెళ్ళిపోయింది.

అమ్మ మెల్లగా మింగి కళ్ళు మూసుకుంది.

"ఉత్తి రొట్టెముక్కకి చెయ్యెందుకు అడ్డం పెట్టావురా?" సెగక్క గొంతులో కోపం ఇంకా తగ్గలేదు, కళ్ళు మాత్రం ధారలు కడుతున్నాయి.

వాడు నలుసేమన్నా పడిందేమోనని అరచేతిలో వెతుక్కుంటున్నాడు.