బతికున్న ఓక్‌బున్ తద్దినం

ఓక్‌బున్‌కు వాళ్ల ఊళ్లో ఏటా తద్దినం పెట్టేవారు. ఆమె మాత్రం కుష్ఠురోగులను ఉంచే ఈ సొరొక్ దీవిలో, నా పక్క చాప మీద గురకపెట్టి నిద్రపోయేది.

కుష్ఠు అని తేలి ఆమెను పడవెక్కించిన రోజే, మిగతా ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగిపోకూడదని తల్లి ఊరందరికీ పెద్దపిల్ల ఏట్లో పడి పోయిందని చెప్పింది. అదే ఊరి నుంచి తర్వాత వచ్చిన రోగి ఒకడు మాకీ సంగతి చెప్పాడు. నేనైతే ఆ తల్లిని దుమ్మెత్తిపోసేదాన్ని. ఓక్‌బున్ నవ్వి ఊరుకుంది.

అప్పటి నుంచి ఆ తిథినాడు పొద్దుటి నుంచీ ఏమీ ముట్టేది కాదు. సందెవేళ గుమ్మంలో కూర్చుని, అవతలి ఒడ్డు వైపు చూస్తూ దవడలు ఆడించేది. కాసేపటికి త్రేన్చేది.

"అమ్మ ఈసారీ పులుసులో ఉప్పు కుమ్మరించిందే!"

"నువ్వొక్కదానివే మింగకపోతే మాకూ ఇంత తేవచ్చుగా," అని మా గదిలో మూడో మనిషి పిల్‌లే ఎగతాళి చేసేది. కానీ ఆ సాయంత్రాలు గదిలో, తద్దినం వంటల్లో వేసే నువ్వుల నూనె వాసన వేసేది. మా దగ్గర ఆ నూనె చుక్కయినా ఉండేది కాదు. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఒక ఏడు చీకటి పడినా ఆమె దవడ కదల్లేదు.

"మా ఇంటి తలుపేసి ఉందే," అంది. "అమ్మ పోయినట్టుంది."

మర్నాడు బార్లీ గంజి పెడితే మొహం తిప్పేసుకుంది. ఆ మర్నాడూ అంతే.

"చచ్చినదానికి ఇంటివాళ్లు పెడితేనే దిగుతుంది. చెల్లెళ్లు అత్తారిళ్లకు పోయారు, నాకింకెవరు పెడతారే?"

పెదాలు ఎండి తెల్లబడ్డాయి. ఇలాగే పోతుందేమోనని నాకు భయం వేసింది. పిల్‌లేకి మాత్రం ఒళ్లు మండింది.

"ఇంటివాళ్లే కావాలా? ఇవాళ్టి నుంచి మేమే నీ చెల్లెళ్లం. నోర్మూసుకుని బయట కూర్చో అక్కా, పిలిస్తే రా!"

బల్ల మీద అన్నం, ఎండుచేప, పులుసు పెట్టాం. పోయినవాళ్లకు పెట్టినట్టే అన్నంలో చెంచా నిలువుగా గుచ్చాం. వాళ్లు రావడానికి తలుపు బార్లా తెరిచాం. కట్లు కట్టిన మోకాళ్ల మీదే వంగి, ఆమె పేరు పిలిచి, నేలకు తల ఆనించాం.

తల ఎత్తేసరికి ఓక్‌బున్ బల్లకు అవతల, పోయినవాళ్ల చోట కూర్చుని ఉంది. అడుగుల చప్పుడే వినిపించలేదు. వేళ్లు లేని చేతుల మధ్య చెంచా ఇరికించి పెరికి, గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది.

"ఉప్పు చాల్లేదే," అంది. పిల్‌లే భోరుమంది.

ఆ తర్వాత ఏటా మేమే పెట్టాం, ఆమె ఏటా వంక పెడుతూనే తింది. ఇప్పుడు ఓక్‌బున్ లేదు, పిల్‌లే కూడా లేదు. ఈ సాయంత్రం బల్ల వేసి, తలుపు తీసి కూర్చున్నాను. పులుసులో కావాలనే ఉప్పు వేయలేదు. వాళ్లొచ్చి తిడితే వినాలని ఉంది.