ఆంగ్ మో కియోలో నేనిచ్చిన స్ఫూర్తి ప్రసంగం

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివాడూ పదిమందికి భవిష్యత్తు చూపించగలడని లోకానికి గట్టి నమ్మకం. నేను తెనాలి నుంచి దేశం దాటి వచ్చి ఆంగ్ మో కియో అనే పేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి ఏడాది కూడా కాలేదు. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియక నలుగుతున్న సమయంలో మా బాసు (కోప్పడినప్పటికంటే నవ్వినప్పుడే ఎక్కువ భయపెట్టే మనిషి) పిలిచి, ఆస్ట్రేలియా నుంచి ఆదివాసీ హైస్కూలు పిల్లలు టూరుకి వస్తున్నారనీ, వాళ్ళకి చదువు మీద ఆసక్తి పుట్టించాలనీ చెప్పాడు. “నువ్వూ చిన్న ఊరివాడివే కదా. యూ టాక్ లా” అన్నాడు అక్కడి ఇంగ్లీషు యాసలో. యూ టీ అనే ఇంకో పేటలో నా ఫ్లాట్‌లోనే ఉండే హైదరాబాదీ భాయ్ విని, “పొద్దుగాల లేవనీకి నీకే ఆసక్తి లేదు, వాళ్లకేం పుట్టిస్తవ్?” అన్నాడు.

పిల్లలొచ్చారు. “బాగా చదివితే మీరూ ఇలాంటి ఆఫీసులో కూర్చోవచ్చు” అని మొదలుపెట్టాను. వాళ్ళు కిటికీ లేని ఆ గదిని నింపాదిగా చూశారు. ఒక పొడుగాటి అబ్బాయి, “రోజంతా ఇక్కడేనా?” అని జాలిగా అడిగాడు. అవునన్నాను. “పొద్దుటి నుంచి ఇది మూడో ప్రసంగం, ఏమీ అనుకోకండి” అని వాళ్ళ టీచరమ్మ నా చెవిలో చెప్పింది. స్లైడు మారిస్తే ఆవలింత, ఇంకోటి మారిస్తే ఇంకో ఆవలింత. నాకు ఒళ్ళు మండింది. “అసలు మీరెందుకు చదువుతున్నట్టు?” అని కసిరాను.

అప్పటిదాకా నోరు విప్పని అమ్మాయి ఒకతె చెప్పింది. “నేను లెక్కల టీచర్నవ్వాలి. మా ఊరికొచ్చిన లెక్కల టీచర్లు ఆర్నెల్లు ఉండి వెళ్ళిపోతారు. నేనైతే వెళ్ళను, మా ఇల్లు అక్కడే.” ఆపైన సంచిలోంచి పుస్తకం తీసి, “ఈ త్రికోణమితి లెక్క నిన్నటి నుంచి తేలట్లేదు. మీకొచ్చా?” అంది.

(ఇంజినీరింగులో లెక్కల్లో నాది డిస్టింక్షను.) బోర్డు మీద నాలుగు లైన్లు రాసి ఆగిపోయాను. “మైనస్ ఏమైంది?” అన్నాడు పొడుగాటి అబ్బాయి, లేచి వస్తూ. వెనకే అందరూ వచ్చేశారు. నా చేతిలో మార్కరు ఎవరు లాక్కున్నారో తెలియదు. నువ్వు తప్పంటే నువ్వు తప్పని వాదులాడుకుంటుంటే, చివరికి ఆ అమ్మాయే “వచ్చేసింది” అంది మెల్లిగా. గుమ్మంలో నిలబడి చూస్తున్న బాసు, “గుడ్ టాక్. వచ్చే బ్యాచ్‌కి కూడా నువ్వే” అన్నాడు. కాంట్రాక్టు మాట మాత్రం ఎత్తలేదు.

ఆ అమ్మాయి ఈపాటికి టీచరయ్యే ఉంటుంది. టై బిగించుకుని ఆమెకి భవిష్యత్తు చూపించబోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. నువ్వెందుకు చదివావని వాణ్ణి తిరిగి అడిగి ఉంటే ఏం చెప్పేవాడో నాకిప్పటికీ తోచదు.