నేను పొదిగిన తాబేలు గుడ్లు

అరవైల మొదట్లో గుడివాడలో ఒక కాలేజీలో నేను జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌ని. సరీసృపాల గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. అప్పటికి నేను చూసిన సముద్రపు తాబేలు ఒక్కటే. అది ఫార్మలిన్ సీసాలో ఉండేది, దానికి ఒక కన్ను లేదు.

మా అక్కయ్య కోడూరులో ఉండేది. బావగారు అక్కడ చర్చి బళ్ళో మేస్టారు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల సెలవు దొరికి వాళ్ళింటికి వెళ్ళాను. దివిసీమ చుట్టూ నీళ్ళే కదా, అటు కృష్ణ పాయలు, ఇటు సముద్రం. ఆ ఇసుక దిబ్బల మీదికి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయని బావగారు మాటవరసకు అన్నారు. మర్నాడు పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని ఎడ్లబండి ఎక్కాను.

ఒడ్డున చేపలమ్మే ఆవిడ ఒకతె కనిపించింది. యాభై ఏళ్ళుంటాయి. ఇసుకలో సన్నటి కర్ర గుచ్చి గుచ్చి చూస్తోంది. పక్కనే వెడల్పాటి జాడ.

"ఇక్కడ పడవ లాగారా?" అన్నాను.

"పడవ కాదండీ పంతులమ్మగారూ, తాంబేలు. తెల్లారగట్ల ఎక్కి దిగిపోయింది."

ఆవిడ తవ్వితే పెద్ద నిమ్మకాయలంత తెల్లటి గుడ్లు బయటపడ్డాయి. మెత్తటి పెంకు, వందకు పైనే. కూరకని తట్టలోకి ఎత్తబోతుంటే నేను ఆపి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇవి అరుదైన ప్రాణులని, తింటూపోతే మిగలవని ఎండలో నిలబడి చాలాసేపు చెప్పాను. ఆవిడ గొంతుకూర్చుని ఓపిగ్గా వింది.

"అరుదని నాకు తెలవదా అండీ? నా చిన్నతనంలో ఈ దిబ్బంతా జాడలే. ఇప్పుడు నాలుగు రోజులు తిరిగితే ఒక్కటి."

"మరి ఎందుకు తింటున్నావమ్మా?"

"ఆకలికండీ."

నేను నోటుపుస్తకం మూశాను. ఆవిడే మళ్ళీ అంది, "ఇంత దూరం వచ్చి ఇంతసేపు అరిచారు, మీ మాట తీసెయ్యలేను. సగం మీరు పట్టుకెళ్ళి పిల్లల్ని చేయించండి. సగం నేనిక్కడే పూడ్చేత్తాను."

నా సగాన్ని అక్కయ్య ఇంటికి తెచ్చి కాలవ నీళ్ళతో శుభ్రంగా కడిగాను. బుట్టలో ఊక పోసి సర్ది, ఒళ్ళో పెట్టుకుని గుడివాడ బస్సెక్కాను. "మామిడికాయలాండీ?" అన్నాడు పక్కాయన. "సముద్రపు తాబేలు గుడ్లు" అన్నాను గర్వంగా. ఆయన లేచి వెనక సీటుకు వెళ్ళిపోయాడు.

ప్రయోగశాలలో పెట్టె, దూది, పైన కరెంటు బల్బు. కోడి తన గుడ్లను తిప్పుతుంది కాబట్టి నేనూ ఒక్కోదాని మీద పెన్సిలు గుర్తు పెట్టి, పూటకోసారి తిప్పాను. మాతృత్వం అంటే ఇదేనని క్లాసులో చెప్పాను కూడా. ఆ తల్లి తాబేలు గుడ్లు పెట్టి వెనక్కి తిరిగైనా చూడకుండా పోయిన సంగతి నాకు తట్టలేదు.

మూడో వారానికి వరండా దాకా వాసన. మా శాఖ పెద్దాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఏమ్మా, ఇది ప్రయోగమా, పగా?" అన్నారు.

గుడ్లు కోసి చూశాను. ఒక్కటీ ఎదగలేదు. కొన్నిటిలో మాత్రం చిన్న నల్లటి మచ్చ ఎండిపోయి ఉంది. అప్పుడు బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీశాను. తాబేలు గుడ్డులో పిండం పైపెంకుకు అతుక్కుని పెరుగుతుందని, తిప్పితే చచ్చిపోతుందని అందులో స్పష్టంగా ఉంది. ఆ రోజు అన్నం సయించలేదు.

ఏప్రిల్లో కోడూరు వెళ్ళాను. ఒడ్డుకు పోవడానికి మొహం చెల్లలేదు, ఆవిడకు బావగారిచేత కబురు పంపిద్దామనుకున్నాను. "చంపింది నువ్వు, సిగ్గుపడ్డానికి ఆయన్ని పంపుతావా?" అంది అక్కయ్య.

మర్నాడు ఒడ్డుకు వెళ్ళేసరికి పొద్దు పొడుస్తోంది. గుడ్లు పూడ్చిన చోట చుట్టూ తుమ్మకంప వేసి ఉంది. ఆవిడ అక్కడే కూర్చుంది.

"మీయి ఎన్ని అయ్యాయండీ?"

"ఒక్కటీ కాలేదు. రోజూ తిప్పాను."

"ఎందుకండీ తిప్పడం?"

"కోడి తిప్పుతుంది కదా."

ఆవిడ నవ్వి నవ్వి ఇసుకలో వెనక్కి వాలిపోయింది. "తాంబేలుకి కోడి ఏమవుద్దండీ!"

"మరి నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదండీ. కుక్కలూ నక్కలూ రాకండా కంపేసి ఊరుకున్నాను."

మేం మాట్లాడుతుండగానే ఇసుక కుంగింది. మొదట ఒక నల్లటి ముట్టె, తర్వాత రెండు, ఆపైన ఒకదాని మీద ఒకటిగా ముప్పై దాకా పిల్లలు. ఆనందం పట్టలేక ఒకదాన్ని ఎత్తి నీళ్ళవైపు పరుగెత్తబోయాను. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"దింపండి. అది నడిచే ఎళ్ళాల."

దింపాను. కాకులు వాలుతుంటే, ఏదో ఒక పని దొరికిందని, పైట చెంగు ఊపుతూ ఒడ్డంతా పరిగెత్తాను. కాలు మడతపడి బోర్లా పడ్డాను కూడా. పిల్లలన్నీ నీళ్ళలో కలిసేదాకా ఇద్దరం అక్కణ్ణించి కదల్లేదు.

తర్వాత నాలుగేళ్ళు ప్రతి ఏప్రిల్లో వెళ్ళాను. ఆవిడ ఏడాదికి రెండు మూడు గూళ్ళకు కంప వేసి ఉంచేది, మిగతావి వాళ్ళింట్లో తినేవాళ్ళు. నేను మళ్ళీ ఉపన్యాసం ఇవ్వలేదు. కాకుల్ని తోలడం మాత్రం నా పని. అందులో కాస్త చెయ్యి తిరిగిందని ఆవిడే ఒప్పుకుంది.