కౌంటీ మనిషి పోయి కంపెనీ మనుషులొచ్చిన ఏడు

మా అమ్మాయికి నాలుగేళ్లు నిండాక కౌంటీ వాళ్లు, అంటే ఇక్కడి జిల్లా ప్రభుత్వం వాళ్లు, మా ఇంటికి ఒక మనిషిని పంపారు. అప్పటికి మేం అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఇల్లు కొనుక్కుని ఏడాది కాలేదు. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. పుట్టేటప్పుడు గాలి అందక అమ్మాయి మెదడు కొంత దెబ్బతింది. కాళ్లూ చేతులూ మాట వినవు, మెడ సరిగా నిలవదు, మాటలు రావు. అర్థం మాత్రం అన్నీ అవుతాయి. గిన్నెడు పెరుగన్నం తినిపించాలంటే ముప్పావు గంట పట్టేది. వారానికి మూడు మధ్యాహ్నాలు వచ్చి తినిపించడం, కాళ్లూ చేతులూ సాగదీయడం ఆ మనిషి పని. ఆ కాసేపూ నేను తల దువ్వుకోవచ్చు, కూరలకు వెళ్లి రావచ్చు.

వచ్చినావిడ యాభై దాటిన నల్లజాతి మనిషి, డెట్రాయిట్‌లోనే పుట్టి పెరిగింది. అంతకుముందు ఫ్యాక్టరీలో కార్ల సీట్లు కుట్టేదట. లోపలికి రాగానే మా అమ్మాయి చక్రాల కుర్చీని అటూ ఇటూ నొక్కి చూసి, "ఇది చేసినవాడు ఒక్కరోజు కూడా ఇందులో కూర్చుని ఉండడు" అంది. రెండోసారి వచ్చినప్పుడు స్పాంజి, గట్టి దారం తెచ్చి మెడకు ఆనేలా చిన్న దిండు కుట్టిపెట్టింది.

నేను మాటకు ముందు ఒక మేడమ్, మాటకు వెనక ఒక మేడమ్ అంటుంటే ఆవిడకు నవ్వొచ్చింది.

"మీ దేశంలో నాలాంటిదాన్ని ఏమని పిలుస్తారు?"

"అక్క" అన్నాను.

"అయితే అదే పిలువు."

ఆ రోజు నుంచి ఆవిడ మాకు అక్క.

ఇంట్లో ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడవద్దని డాక్టరు చెప్పాడు. నేను వినలేదు. పిల్లను ముద్దు చేయాలన్నా కసురుకోవాలన్నా నాకు తెలుగే వస్తుంది. అందుకని మా అమ్మాయికి తెలుగు తప్ప మరొకటి ఎక్కలేదు. అక్క అది గమనించి, ఒక మధ్యాహ్నం కాగితం, పెన్సిలు తీసుకుని నా ఎదురుగా కూర్చుంది. నోరు తెరువు, మింగు, మెల్లిగా, అయిపోయింది. ఈ నాలుగూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. "మింగూ, టల్లీ" అని ఆవిడ రాగం తీస్తే మా అమ్మాయి పకపకా నవ్వేది. ఆ నవ్వుకి నోరు తెరుచుకునేది. తెరుచుకోగానే చెంచా లోపలికి వెళ్లేది. మూడు వారాలకు ముప్పావు గంట అరగంట అయింది.

ఇలా రెండేళ్లు హాయిగా గడిచాయి. అప్పుడు కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి ఇళ్లకు మనుషుల్ని పంపే పని ఒక ప్రైవేట్ కంపెనీకి అప్పగిస్తున్నామని, సేవల్లో ఏ మార్పూ ఉండదని అందులో ఉంది.

మావారు చదివి తేలిగ్గా తీసుకున్నారు. "మంచిదేనోయ్. ప్రైవేట్ అయితే ఎఫిషియెంట్‌గా ఉంటుంది. మా ప్లాంట్‌లో సీట్లు బయటి సప్లయర్‌కి ఇచ్చాక డిఫెక్ట్స్ తగ్గాయి తెలుసా?"

"అవి సీట్లు కాబట్టి ఎవరు ముట్టుకున్నా ఊరుకున్నాయండీ" అన్నాను.

అక్కకు కూడా అలాంటి ఉత్తరమే వచ్చింది. ఉద్యోగం పోయిందని, కావాలంటే కంపెనీలో కొత్తగా అర్జీ పెట్టుకోమని. చివరి రోజున అమ్మాయి బుగ్గ మీద ముద్దు పెట్టి, నా వైపు చూడకుండా గబగబా వెళ్లి కారెక్కింది.

కంపెనీ నుంచి మొదటి వారం వచ్చిన అమ్మాయి చేతిలో అట్ట, అట్టకు కాగితం. అందులో 'తినిపించడం: ఇరవై నిమిషాలు' అని ఉంది. ఇరవయ్యో నిమిషం కాగానే సగం గిన్నె మీద మూత పెట్టేసింది. రెండో వారం వేరొకావిడ. పాపం, మంచిదే, కానీ పిల్లకు పొలమారుతుందేమోనని భయపడి చెంచా నోటిదాకా తీసుకెళ్లేది కాదు. మూడో వారం మరో మనిషి. మా అమ్మాయి వీళ్లందరికీ ఒకే జవాబిచ్చింది: పళ్లు బిగించి, తల పక్కకు తిప్పేసింది. వాళ్లు వెళ్లాక నేను మళ్లీ మొదలుపెట్టాలి. సహాయం వచ్చిన రోజు నాకు రెట్టింపు పని.

కంపెనీకి ఫోన్ చేస్తే మేనేజరు, గొంతును బట్టి నాకంటే చిన్నదే, మర్యాదగానే మాట్లాడింది. "మావాళ్లందరికీ ఒకే ట్రైనింగ్ ఇస్తాం. ఎవరు వచ్చినా ఒకటే."

మా అమ్మాయి బడి దగ్గర తల్లులు వేచి ఉండే గదిలో ఈ మాట చెబితే, పక్కనున్న పొడుగాటి తెల్లావిడ చేతిలోని అల్లిక పక్కన పెట్టేసింది. వాళ్లమ్మాయికి కళ్లు కనిపించవు. వారానికో కొత్త చెయ్యి చెప్పకుండా మీద పడుతుంటే ఆ పిల్ల కేకలు పెడుతోందట. అలా ఒకరికొకరు చెప్పుకోగా ఆరుగురు తల్లులం తేలాం. శనివారం మా బేస్‌మెంట్‌లో కూర్చున్నాం. నేను పులిహోర చేశాను. వాళ్లు కారానికి కళ్లనీళ్లు తుడుచుకుంటూనే మళ్లీ వడ్డించుకున్నారు. పొడుగావిడ కౌంటీ ఆఫీసుకు వెళ్లి, కంపెనీతో వాళ్లు చేసుకున్న ఒప్పందం కాపీ తెచ్చింది. ఎవరైనా అడిగి తీసుకోవచ్చట, ఆ సంగతి మాకెవరికీ తెలియదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. పిల్ల అన్న మాట అక్కడక్కడ ఉంది. యూనిట్ అన్న మాట మాత్రం పేజీ పేజీకీ ఉంది. యూనిట్ అంటే పావుగంట సేవ. పిల్ల దగ్గరికి ఒకే మనిషి రావాలని ఎక్కడా లేదు.

"ఇది చెప్పాల్సింది నువ్వే" అన్నారందరూ.

"నా ఇంగ్లీషు..."

"మాకు అర్థమవుతోందిగా" అంది పొడుగావిడ.

కౌంటీ బోర్డు మీటింగ్ సాయంత్రం. మాట్లాడేవాళ్లకు తలా మూడు నిమిషాలు. మావారు ఆఫీస్‌లో సెలవు పెట్టి మమ్మల్ని డ్రైవ్ చేసి తీసుకెళ్లారు. మా వంతు ఎంతకీ రాలేదు. మురుగు కాలువల గురించి ఒకాయన, వీధి దీపాల గురించి ఇంకొకాయన మాట్లాడుతూనే ఉన్నారు. ఈలోగా అమ్మాయి అన్నం వేళ అయింది. ఆకలేస్తే ఆమె ఊరుకోదు. సరేనని పెరుగన్నం గిన్నె తెరిచి చెంచా చేతిలోకి తీసుకున్నానో లేదో, నా పేరు పిలిచారు. మావారు కారుని సరైన చోట పెట్టి వస్తానని అప్పుడే బయటికి వెళ్లారు, మిగతా తల్లులు దూరంగా వెనక వరసల్లో ఉన్నారు. ఏం చేయాలో తోచక గిన్నె, చెంచా పక్క కుర్చీలో ఉన్నావిడ చేతిలో పెట్టి మైకు దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఎవరో నాకు తెలియదు. తర్వాత తెలిసింది, ఫోన్లో మాట్లాడిన కంపెనీ మేనేజరే.

రాసుకున్న కాగితం కుర్చీలో వదిలేశాను. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. "మా అమ్మాయి మొండిది కాదు. ఆమెకు మనుషులు అలవాటు కావాలి..." అంతవరకూ వచ్చి చూద్దును కదా, బోర్డు వాళ్లెవరూ నా వైపు చూడటం లేదు. అందరి చూపులూ నా వెనక ఉన్నాయి. తిరిగి చూశాను. మేనేజరు ఎంతో ఓపికగా చెంచా పట్టుకుని బతిమాలుతోంది. మా అమ్మాయి కోటగుమ్మంలా నోరు మూసుకుని కూర్చుంది. గడ్డం మీదా, మేనేజరు కోటు మీదా పెరుగు.

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. పిల్లను నలుగురిలో బొమ్మలా పెట్టినట్టయిందే అనిపించింది. మాట ఆపేసి వెళ్లబోతుంటే, వెనక వరసలోంచి అక్క లేచింది. ఫోన్లో మీటింగ్ సంగతి చెప్పినప్పుడు, వస్తానని నాతో అననే లేదు. తాపీగా నడిచి వచ్చి, మేనేజరు చేతిలోంచి చెంచా తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుంది.

"నోరు టెరువు, టల్లీ."

మా అమ్మాయి ముందు కిలకిలా నవ్వింది. తర్వాత నోరంతా తెరిచింది. హాల్లో మురుగు కాలువల ఆయన చప్పట్లు కొట్టాడు. దాంతో అందరూ కొట్టారు. అప్పటికే నా మూడు నిమిషాలు అయిపోయాయి. "ఇంకేమైనా చెప్పాలా?" అని అధ్యక్షుడు అడిగితే, "ఒక పిల్లకు ఒకే మనిషి. ఆ మాట ఒప్పందంలో రాయండి" అని వచ్చి కూర్చున్నాను.

కౌంటీ ఆ పనిని కంపెనీ నుంచి వెనక్కి తీసుకోలేదు. కానీ ఆ మాట మాత్రం రాశారు. మామూలుగా వచ్చే మనిషి రాలేకపోతే, వచ్చే కొత్త మనిషిని ముందే ఇంటికి తెచ్చి పిల్లకు పరిచయం చేయాలని కూడా చేర్చారు. మేనేజరు మరుసటి రోజే అక్కకు ఫోన్ చేసిందట. "నేను పొరబడ్డాను" అని ఆ మనిషి నేరుగా ఒప్పుకున్నందుకు అక్క ఆశ్చర్యపోయింది. నెల తిరగకముందే అక్క కంపెనీవాళ్ల ఆవపిండి రంగు చొక్కా వేసుకుని మా గుమ్మంలో నిలబడింది. "ఈ రంగు నాకు నప్పదు. ఒక్క మాట కూడా అనకు" అంది. నేను అనలేదు. మా అమ్మాయే నవ్వి నవ్వి కుర్చీలో జారిపోయింది.

కంపెనీ వల్ల మంచి జరగలేదనలేను. మరుసటేడు వాళ్లు పంపిన ఒక కుర్ర థెరపిస్టు మా అమ్మాయి కుడి చెయ్యి చూసి, బొటనవేలు మాట వింటోందని కనిపెట్టాడు. ఇన్నేళ్లుగా చూస్తున్న మేమెవరమూ అది గమనించలేదు. అతనే పట్టుబట్టి మోటారు కుర్చీ తెప్పించాడు, కుర్చీ చేతికి బిగించిన చిన్న పుల్లను బొటనవేలితో ముందుకు నొక్కితే నడిచేది.

ఒక ఆదివారం మావారి ఆఫీస్ పార్కింగ్ లాట్ ఖాళీగా ఉంటుందని అక్కడికి తీసుకెళ్లాం. మావారు ముందు నిలబడి ఇంజనీరు పాఠం మొదలుపెట్టారు. "చూడు నాన్నా, ఫస్ట్ స్లోగా ప్రెస్ చేసి..." ఆమె వినలేదు. పుల్ల ఒక్కసారిగా నొక్కింది. కుర్చీ ఆయన బూటు మీదుగా వెళ్లిపోయింది. ఆయన ఒంటికాలి మీద గెంతుతూ, నేను చెప్పులు వదిలేసి చీర ఎత్తిపట్టుకుని, "ఆపు, ఆపు" అని అరుస్తూ వెనక పరుగెత్తాం. ఆమె ఆపలేదు. ఏడేళ్లలో మొదటిసారి మా అమ్మాయి మాకంటే ముందు వెళుతోంది. తల వెనక్కి వాల్చి, గాలి మొహాన కొడుతుంటే, లాట్ చివరిదాకా నవ్వుతూనే వెళ్లింది.