దొరువులో మునిగితేనే ఊళ్లోకి

యాభైల చివర్లో ఒక ఎండాకాలం మద్రాసు నుంచి రైలెక్కి ఒక జ్వరం మా వైపుకు వచ్చింది. సూళ్లూరుపేటలో దిగి ఎవరి బండెక్కిందో ఏమో, చూస్తుండగానే రైతుల ఊళ్లో సగంమంది మూలుగుతూ మంచాలెక్కారు. దేశదేశాల్లో అదే జ్వరమని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం అది మా కుప్పంలో, చేపలు పట్టేవాళ్ల గుడిసెల్లో పుట్టిందని ఆ ఊరివాళ్లకు గట్టి నమ్మకం. రైలు దిగి వచ్చినవాళ్లంతా వాళ్ల చుట్టాలే. ఆ మాట అనేదెవరు?

నేను అప్పటికి కొత్త కోడలిని. మా అత్త పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని రైతుల ఊరికి పోయి, చేపలిచ్చి బియ్యం తెచ్చేది. ఊరి మొదట్లో ఇసుకలో తవ్విన పెద్ద నీళ్ల గుంట ఉండేది, దొరువు అంటాం. తాగే నీళ్ల దొరువులు వేరు. ఇది స్నానాలకూ ఈతలకూ. భుజాల లోతున చల్లటి నీళ్లు, ఎండాకాలమంతా ఊరు ఊరంతా అందులోనే. మామూలు రోజుల్లో మా కుప్పం మనిషి దాని గట్టు మీద నిలబడితే చాలు, "నీసు కంపు, అవతలికి పోండి" అని అరిచేవాళ్లు.

జ్వరాలు ముదిరాక ఊరి మునసబుగారు జాగ్రత్తలు మొదలుపెట్టారు. జ్వరమొస్తే మా వైపు ఎవరూ నీళ్లు పోసుకోరు. జ్వరం తగ్గి తలకు పోసుకున్న రోజే మనిషి లేచినట్టు. మునసబుగారు దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. నీళ్లలో మునిగినవాళ్లకు జ్వరం లేనట్టేనట! కాబట్టి చేపలమ్మే ఆడవాళ్లు ఆయన కళ్లెదుట ఆ దొరువులో తల తడిసేలా మునిగి, ఆ తర్వాతే ఊళ్లో అడుగుపెట్టాలి. నిన్నటిదాకా గట్టెక్కనివ్వని మమ్మల్ని పిలిచి మరీ నీళ్లలోకి దించారు. ఎంత మర్యాద!

ఊరివాళ్లకు ఈ రూలు ఎవరూ పెట్టలేదు, వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు. ఒక పూట స్నానానికి రాని మనిషి ఇంట్లోకి పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూసేవాళ్లు. అందుకని ఒళ్లు కాలిపోతున్నవాళ్లు కూడా పళ్లు పటపటలాడించుకుంటూ వచ్చి దిగేవాళ్లు. బయట దగ్గితే పరువు పోతుందని గబుక్కున మునిగి నీళ్లలోపలే దగ్గేవాళ్లు. బుడబుడమని బుడగలొచ్చేవి. అవి ఎవరివా అని చుట్టూ కళ్లు తిరిగేవి. "ఎండ భలే కాస్తా ఉండాదే" అనుకుంటూ తలా ఒక జానెడు జరిగేవాళ్లు. అదీ చాలదని మునసబుగారు దొరువుకు అడ్డంగా తాడు కట్టించారు. ఇటు ఊరు, అటు కుప్పం. నీళ్లను తాడుతో కట్టేసిన మొనగాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక ఇంకొకణ్ణి చూడలేదు. జ్వరాలు ఇంకా పెరిగాయి.

మా ఇంట్లో మామ మంచాన పడ్డాడు, తర్వాత నా మొగుడు పడ్డాడు. పడవ ఒడ్డునే ఉండిపోయింది. మా అత్త వేరేవాళ్ల వలల్లో పడిన చేపలు తీసుకుపోతే వచ్చే బియ్యమే అందరికీ జావ. ఒకరోజు పొద్దున ఆమె చెయ్యి తగిలి ఉలిక్కిపడ్డాను. పెనం లాగా ఉంది.

"నేను పోతా అత్తా, నువ్వు పడుకో."

"నెల తప్పిన మనిషివి, ఆ నీళ్లలో దిగతావా? నోరు మూసుకోని గంప పట్టు మే."

గంప నేనే మోసుకుని ఆమె వెంట పోయాను. దొరువు దగ్గర ఆగి మునసబుగారితో అన్నాను. "అయ్యా, మా అత్తకి ఒంట్లో బాగలేదు. చేపలు ఈడనే దించుతాం. బియ్యం ఈడికే తెచ్చి పొయ్యండి."

చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా వెనక్కి జరిగారు. మా అత్త నా జబ్బ గిల్లింది. "ఏం లేదయ్యా. ఎండన నడిచొచ్చిన కాక, అంతే" అంటూ దిగి మునిగింది. చాలాసేపు బుడగలొచ్చాయి. తేలి, నవ్వింది.

"చూసినావా? జ్వరమంట జ్వరం! ఈ కుప్పమోళ్లకి అన్నీ సాకులే" అన్నారు మునసబుగారు.

ఆ రోజు బియ్యం దొరికాయి. సాయంత్రానికి ఆమెకు చలి పట్టుకుంది. రొమ్ములో గురక మొదలైంది. మళ్లీ లేవలేదు.

ఆమెను సాగనంపి ఏడుస్తూ కూర్చుంటే మాకు జావ ఎక్కణ్ణుంచి వస్తుంది? మగవాళ్లిద్దరూ ఇంకా మంచాల మీదే. గంపెత్తుకుని నేనే పోయాను. నిప్పులు చెరిగే ఎండలో మునసబుగారు కంబళి కప్పుకుని గట్టు మీద కూర్చున్నారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"దిగు" అన్నారు, దగ్గుతూ.

"ముందు మీరు దిగండయ్యా" అన్నాను.

దొరువులో ఉన్నవాళ్లంతా ఆయన వైపు తిరిగారు. "నాకేం? ఊరికే కాస్త పడిశం" అన్నారాయన.

"మా అత్త కూడా ఏం లేదనే దిగిందయ్యా. దిగండి, అందరం చూస్తాం."

నీళ్లలో ఉన్నవాళ్లు జరిగి ఆయనకు చోటిచ్చారు. కంబళి తీసి లేచారు. నీళ్లలో పాదం పెట్టారో లేదో నిలువునా వణికిపోయారు. అంతలో ఆయన భార్య వీధిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చి, ఆయన రెక్క పట్టుకుని వెనక్కి లాగి, నా మీద విరుచుకుపడింది.

"ఏందే నువ్వు, మనిషివేనా? జ్వరంతో ఉండే మనిషిని నీళ్లలో దించితే బతకతాడా?"

నేను గంప నెత్తిన పెట్టుకుని పొడి చీరతోనే ఊళ్లోకి నడిచాను. నన్ను మునగమని ఎవరూ అనలేదు.