ఓడమనిషి చెప్పిన మాట

"ఉండిపోనా, వదినా?" అన్నాడు మా మరిది.

"నాకేటయిందని? నీ ఓడకి నువ్వు పో" అన్నాను. అనకాపల్లి బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడు.

డచ్చివాళ్ళ ఓడలో పని అతనిది. సెలవుకు వస్తే చెరుకుగడ పళ్ళతో ఒలుస్తూ, వాళ్ళ భాషలో ఏదో మాట పలికి, "దీని తాతెవరో సెప్పు సూద్దాం" అనేవాడు. నాకు సంతకమే సరిగా రాదు. మాటలకి కూడా తాతలుంటారా అని నవ్వేదాన్ని.

మా ఆయన దినాలయిన మర్నాడు, అతను వెళ్ళిపోయిన ఆ పొద్దుటే, గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి తిరుగుతున్న నన్ను చూసి, గడ పక్కన పెట్టేశాడు.

"ఎలెండిఖ్ అంటారు వదినా వాళ్ళు. దిక్కులేని బతుకని. దాని తాతల నాడు పరాయి దేశంలో ఉండడమని అర్థమట."

"సముద్రాలు తిరిగేది నువ్వు. నేను అనకాపల్లి దాటేనా?" అని కసిరాను.

అప్పటినుంచి నా ఇంట్లో నాకే కుదురు లేదు. పొయ్యి ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో తెలియదు. ఆ మాట నాదే. ఫోన్ ఎత్తడు గనక ఈ కాగితం అతని ఓడకి పంపి, తిరిగొచ్చి ఉండిపొమ్మని అతనికి చెప్పాలి.

ఒసే మేనకోడలా, నేను సెప్పగా నువ్వు రాసిందంతా ఓసారి సదువు. బతిమాలినట్టు ఉన్నా కొట్టెయ్యకు. సదువే.