మూడో గిన్నెలో గుగ్గిళ్ళు

మా ఆయన చిత్తూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. మేము ఉండేది తిరుచానూరులో. పొద్దున్నే తిరుపతికి పోయి చిత్తూరు బస్సెక్కితే, పూతలపట్టు వచ్చేసరికి ఆయనకు ఒక కునుకు పూర్తయ్యేది. మధ్యాహ్నం ఆఫీసు స్నేహితులతో కలిసి బస్టాండు పక్కన హోటలుకు వెళ్ళేవారు. పరోటాలో, కోడి బిర్యానీయో తిని, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చునేవారు. తొంభైల చివర్లో ఆఫీసుల్లో అందరి తిండీ దాదాపు అంతే. క్యారియర్ కట్టుకుపోవడమంటే చిన్నతనం.

ఆ ఏడు మామిడికాయలు దిగే రోజుల్లో ఆయనకు షుగర్ అని తేలింది. తిరుపతిలో డాక్టరు గారు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మాత్రలు రాసి, "మూడు నెలలు చూస్తాను. తిండి మారితే సరే. మారకపోతే రోజూ ఇంజెక్షన్ తప్పదు" అన్నారు. బయటికి వచ్చాక మా ఆయన చెప్పులు వేసుకోకుండా తన పాదాలకేసి చూసుకుంటూ నిలబడిపోయారు. ఎందుకో నాకు తెలుసు. ఇదే జబ్బు ముదిరి మా మామగారికి ఒక కాలు తీసేశారు. ఆఖరి రోజుల్లో ఆయన్ను స్నానానికి ఎత్తుకుపోయింది మా ఆయనే.

పొద్దున తిండి, రాత్రి తిండి నా చేతిలో ఉన్నాయి. చేయి దాటి పోయింది మధ్యాహ్నం ఒక్కటే. పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన మూడు గిన్నెల స్టీలు క్యారియర్ అటక మీద ఉంటే దింపి, తోమి, పసుపు కుంకుమ పెట్టాను. గిన్నెకు బొట్టేమిటని మా అత్త నవ్వింది. ఆయుధపూజకు కత్తిపీటకు పెట్టమా? నాకు ఆ పూట అదే ఆయుధంగా కనిపించింది.

మొదటి రోజు రాగి సంగటి, ఆకుకూర పప్పు పెట్టాను. పొగలు కక్కే ముద్దను గిన్నెలో వేసి మూత బిగించాను. సాయంత్రం ముద్ద సగం అలాగే తిరిగొచ్చింది. మూత కింద చెమట పట్టి బంకలాగా సాగుతోంది.

"తినేదానికి వాటంగా లేదు మే" అన్నారు ఆయన, క్యారియర్ నా చేతికిస్తూ. "మా పక్క సీటాయన ఊరుకున్నాడా? 'ఏమప్పా, మడక దున్ని వొచ్చినావా, సంగటి కట్టుకోనొచ్చినావు?' అని అందరికీ వినపడేట్ల అడిగినాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? మూత పెట్టేసినాను."

సంగటిని చిన్నచూపు చూస్తే నాకు బాధగా ఉంటుంది. మా నాయన దాంతోనే మమ్మల్నందర్నీ పెంచాడు. బడి దూరమని నన్ను పంపలేదు గానీ, అంగట్లో సరుకులు చుట్టిచ్చిన పాత పేపర్లు చదివించి, గోవిందనామాలు రాయించి, ఇంట్లోనే నాకు చదువు చెప్పాడు. చదువు చెప్పేటప్పుడు ఆయన ముందు సంగటి తినే తట్ట ఉండేది. ఆయన చేతివేళ్ళ తడి నా పలక మీద కూడా పడేది.

అందుకని సంగటిని మానలేదు. దాన్ని మోసుకుపోయే తీరు మార్చాను. నిమ్మకాయంత ముద్దలు చేసి, తడిగుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు మూత పెట్టాను. ఆ తర్వాత ఏ ముద్దా బంకగా సాగలేదు. పులుసు కింది గిన్నెలోనే ఉండాలి, బస్సు గుంతలో పడ్డా పైకి రాదు. మేము చెనిక్కాయలనే వేరుశనగల పచ్చడి గట్టిగా, నీళ్ళు తగలకుండా నూరాలి. కొర్రన్నంలో పెరుగు కలిపి పంపితే మధ్యాహ్నానికి పులిసిపోయేది. పెరుగు మానేసి, గోరువెచ్చని పాలు పోసి రెండు చుక్కలు తోడు వేసి పంపాను. బస్సులో వెళ్తూ వెళ్తూ అది తోడుకుని, చిత్తూరులో మూత తీసేసరికి పులుపు లేని కమ్మటి పెరుగన్నం అయింది. మునగాకు, ఎర్రగడ్డ కలిపి తట్టిన రాగిరొట్టె అన్నింటికంటే సులువు. రొట్టె చల్లారాక గుడ్డలో చుడితే సాయంత్రం దాకా మెత్తగా ఉంటుంది. ఇవన్నీ నాకు ఆ స్వామి ఒక్కొక్కటిగా తోపించాడనే అనుకుంటాను. మునగాకు మాత్రం వెనకింటి అక్క పుణ్యం, అడగకుండానే కొమ్మ వంచి కోసుకోమనేది.

నెల తిరిగింది. మళ్ళీ రక్తం ఇచ్చాం. డాక్టరు గారు కాగితం చూసి పెదవి విరిచారు. "కొంచెం తగ్గింది. నేననుకున్నంత తగ్గలేదు. బయట ఏమైనా తింటున్నారా?"

"లేదు సార్. హోటలు మానేసినాను. క్యారియర్లో ఏం పెడితే అదే తింటా ఉండాను."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ మాట చెబుతున్నప్పుడు ముఖం కూడా నిజాయితీగానే ఉంది. ఇంటికి వస్తూ దారి పొడుగునా నేను ఏ గిన్నెలో ఏది తప్పు పెట్టానా అని వెతుక్కున్నాను. పప్పులో బెల్లం ముక్క కూడా వేయడం లేదు. మరి ఎక్కడి నుంచి వస్తోంది ఈ తీపి?

జవాబు చీమలు చెప్పాయి. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన విడిచిన చొక్కాను మేకుకు తగిలించి ఉంటే, గోడ వెంబడి ఎర్రచీమల బారు నేరుగా జేబులోకి పోతోంది. జేబులో నేతి మరక పడిన కాగితం. విప్పకముందే తెలిసిపోయింది. ఆ నెయ్యి వాసన, ఏలకుల వాసన, పచ్చకర్పూరం. తిరుపతి చుట్టుపక్కల పుట్టినవాళ్ళెవరికైనా కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. కొండమీది లడ్డు.

"ఇది ఎక్కడిది?" అన్నాను.

"ప్రసాదం మే. మేనేజరు కొండకు పోయొచ్చినాడు, తెచ్చినాడు."

"ఇదొక్కటేనా? అంతకుముందు కూడా ఎవరైనా ఇచ్చారా?"

"మొన్న టైపిస్టమ్మ వాళ్ళ చుట్టాలు వొచ్చింటే ఇచ్చింది. అంతకుముందు పక్క సీటాయన. వారంలో ఎవరో ఒకరు పోతానే ఉంటారు కదా. కొండ కింద ఉండేవాళ్ళం, మనం వద్దంటే బాగుంటాదా?"

"మరి డాక్టరు గారికి చెప్పలేదే?"

ఆయన నన్ను వింతగా చూశారు. "ఆయన తిండి సంగతి అడిగినాడు. ప్రసాదం తిండి ఎట్లవుతాది?"

మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న మా అత్త తల ఎత్తింది. "సరిగ్గా సెప్పినావు నాయనా. దేవుడి ప్రసాదంలో షుగరుంటాదా యాడన్నా?"

"నెయ్యి ఉండాదత్తా, చక్కెర ఉండాది. చీమలకు తెలిసింది, మనకు తెలియలేదు."

"నువ్వేనా మే ఈ మాట అనేది? పూజ చేయకుండా కాఫీ కూడా ముట్టవే."

అత్త అడిగింది న్యాయమే. ప్రసాదాన్ని తినొద్దని చెప్పే నోరు నాకు లేదు. నేనే తప్పు చేసినట్టు, దేవుడికీ నాకూ మధ్య తగువు పెట్టుకున్నట్టు అనిపించింది. ఆ పూట దీపం దగ్గర కూర్చుని అమ్మవారిని అడిగాను. ఆయన పాదాలూ కావాలి, నీ ప్రసాదమూ కావాలి, దారి నువ్వే చూపించు తల్లీ అన్నాను.

కూర్చున్నచోటే మా నాయన గుర్తొచ్చాడు. ఎవరు ప్రసాదం తెచ్చినా ఆయన రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, రవ్వంత నోట్లో వేసుకుని, మిగిలింది ఇంట్లో వాళ్ళకూ ఇరుగుపొరుగుకూ పంచేవాడు. పిల్లలమని మా మీద ప్రేమతో చేస్తున్నాడనుకునేదాన్ని. అది ప్రసాదాన్ని స్వీకరించే పద్ధతి. ఆ రవ్వలో లేనిది ఉండలో మాత్రం ఎక్కడుంది?

మర్నాడు ఆయనకు ఈ మాట చెప్పాను. ఆలోచించి, "పంచొచ్చు. కానీ వాళ్ళు ఇచ్చిందే వాళ్ళకు పంచితే ఏం మర్యాద? నేను వాళ్ళకేం పెట్టినట్టు?" అన్నారు. ఆ ప్రశ్నలోనే నాకు దారి దొరికింది.

అప్పటి నుంచి మూడో గిన్నె మారింది. రాత్రి నానబెట్టిన అలసందలో, శనగలో తెల్లవారుజామున ఉడికించి, ఆవాలు, ఎండుమిరపకాయ తాలింపు వేసి, కొబ్బరి కోరు చల్లి, ముందు దేవుడి దగ్గర పెట్టేదాన్ని. హారతి అయ్యాకే క్యారియర్లోకి. గిన్నె నిండా గుగ్గిళ్ళు, పదిమందికి పిడికెడేసి వచ్చేటట్టు.

"మీకు ఎవరు ప్రసాదం ఇచ్చినా రవ్వంత తీసుకుని, మిగిలింది పంచండి. పంచేటప్పుడు ఇది కూడా పెట్టండి. ఇదీ నైవేద్యం పెట్టిందే."

మొదటి రోజు ఆయన సందేహిస్తూనే మూత తీశారట. ముందుగా చేయి చాచింది ఆ పక్క సీటాయనే.

"ఏందప్పా ఇది?"

"ప్రసాదం. ఇంట్లో పెట్టింది."

ఆయన కళ్ళకద్దుకుని తిన్నాడు, మళ్ళీ చేయి చాచాడు. "ప్రసాదం రెండుసార్లు అడగగూడదా?" అన్నాడట. టైపిస్టమ్మ నవ్వి, "మడక దున్నేవాళ్ళకు బాగా ఆకలైతాది, పెట్టండి సార్" అందట. ఆ రోజు మా ఆయన ఇంట్లోకి వస్తూనే ఈ సంగతి చెప్పి, తనే పగలబడి నవ్వారు. షుగర్ అని తేలాక ఆయన అంత నవ్వడం అదే మొదలు.

నెమ్మదిగా ఆఫీసులో గాలి మళ్ళింది. పక్క సీటాయన ఒక ఆదివారం భార్యను వెంటబెట్టుకుని అమ్మవారి దర్శనానికి వచ్చి, మా ఇంటికి వచ్చాడు. ఆమె వంటింట్లోకి వచ్చి కొంగు దోపుకుని, "వదినా, ఆ రాగిరొట్టె నాకు కూడా సూపించు. ఈయన మా ఇంట్లో మునగాకు పేరెత్తితే కయ్యానికొస్తాడు, మీ క్యారియర్లోది మాత్రం గుంజుకోని తింటాడంట" అంది. పిండి కలిపి, అరిటాకు మీద తట్టడం చూపించాను. ఆమె మొదటి రొట్టె తునిగిపోయింది. మూడోది గుండ్రంగా వచ్చింది. ఆ తర్వాత ఆయనా క్యారియర్ తెచ్చాడు, ఇంకొకరు తెచ్చారు. హోటలుకు పోయే గుంపు పలచబడి, ఒక బల్ల చుట్టూ గిన్నెలు చేరాయి.

గడువు ముగిసే నాటికి మళ్ళీ డాక్టరు గారి ముందు కూర్చున్నాం. ఆయన కాగితం ఒకసారి చూశారు, కళ్ళజోడు సర్దుకుని మరోసారి చూశారు. "ఇంజెక్షన్ మాట వదిలేద్దాం. మాత్ర కూడా సగం చేస్తున్నాను. ఏం చేశారమ్మా?"

"ప్రసాదాన్ని ప్రసాదంలాగా తింటున్నారండీ" అన్నాను.

ఆయనకు అర్థమయ్యేలా మా ఆయనే లడ్డు సంగతంతా చెప్పారు. డాక్టరు గారు బల్ల మీద చేయి వేసి నవ్వారు. "నాకూ వారానికొకటి వస్తుంది. ఇవాళ్టి నుంచి నేనూ రవ్వే" అన్నారు.

ఇంజెక్షన్ తప్పితే నడిచి వస్తామని నేను మొక్కుకున్నట్టుగా అలిపిరి నుంచి మెట్ల దారిన కొండకు నడిచాం. పక్క సీటాయనా భార్యతో వచ్చాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయన మెట్టు మీద కూలబడి, "ఆగప్పా, నీకు దండం పెడతా" అన్నాడు. మా ఆయన పై మెట్టు నుంచి వెనక్కి తిరిగి, "మడక దున్నినోణ్ణి, నాకు అలవాటే. నువ్వు నిదానంగా రా" అన్నారు. ఆ మాట కోసం ఆయన ఎన్నాళ్ళు కాచుకున్నారో.

దర్శనమయ్యాక చేతికొచ్చిన లడ్డును ఆయన కళ్ళకద్దుకుని, చిటికెడు తీసి నోట్లో వేసుకుని, మిగిలింది పక్కన కూర్చున్న ముసలమ్మలకు, పసిబిడ్డల తల్లులకు పంచారు. తర్వాత మేము నలుగురం క్యారియర్ విప్పి రాగిరొట్టె, గుగ్గిళ్ళు తిన్నాం.

ఇంటికొచ్చాక గడప బయట ఆయన పాదాల మీద చెంబుతో నీళ్ళు పోశాను. దుమ్ము కరిగి పోయింది. పది వేళ్ళూ, రెండు మడమలూ శుభ్రంగా, నిండుగా ఉన్నాయి. నేను పోస్తూనే ఉన్నాను.

"చాల్లే మే, బిందె అయిపోతాది" అన్నారు. "రేపు గిన్నెలో శనగలా, అలసందలా?"